సీసపు తెలుపు

వారానికి మూడు గొట్టాలు సీసపు తెలుపు,
నెలకొకటి నలుపు,
గుర్రాల వీపులకని కాస్త గోధుమరంగు.
సెవెరిన్ ఒలెహ్నోవిచ్ బతుకంతా
మా నాన్న ఖాతా పుస్తకంలో ఇంతే.

మ్యూనిక్‌లో మా రంగుల కొట్టు గడప దగ్గర
బూట్లు దులుపుకోకుండా లోపలికి వచ్చేవాడు కాదు,
జులైలో కూడా.
మంచేదండీ ఇప్పుడు, అంటే
"నా కాళ్ళకి ఎప్పుడూ ఉంటుందమ్మాయ్" అనేవాడు.

మొదటిసారి అప్పు రాసినప్పుడు
పేరూ వీధీ అయ్యాక
దేశం అన్న చోట నాన్న కలం ఆగింది.
ముగ్గురు చక్రవర్తులు పంచుకు తిన్న నేల,
పటంలో పేరు లేదు.
"ఖాళీ వదిలేయండి" అన్నాడాయన,
"తెల్లగా వదిలేయడమే కదా నా వృత్తి."

దళారి ఫుర్ట్‌మైర్ చేతికర్రతో నేల పొడిచేవాడు:
పోలిష్ మంచు బాగా పోతోందయ్యా,
ఇంకో బండి వెయ్యి, రెండు తోడేళ్ళు కలుపు,
తోడేలుకి ఇరవై మార్కులు ఎక్కువ.
తోడేలుని ఈయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు.
వీధి చివర కసాయివాడి కుక్కని
ఎముకలిచ్చి కుదుర్చుకున్నాడు.
పిల్లలు తోక లాగినా పలకని కుక్క
ఎన్ని పెళ్ళిబండ్లను తరిమిందో పాపం!

నాలుగో అంతస్తు, రేకు కప్పు, ఆగస్టు ఎండ.
చొక్కా విప్పేసి, మెడ మీంచి చెమట కారుతూ
తుపాను వేస్తుండేవాడు.

ఒక మార్చిలో మాత్రం తెలుపు అడగలేదు.
కాల్చిన ఉంబర్, పచ్చి సియెన్నా, ఆకుపచ్చ మట్టి,
పదకొండు మార్కులు, అన్నీ అప్పే.
పది రోజులకి నన్ను పిలిచి చూపించాడు.
బండి లేదు. గుర్రం లేదు.
చక్రం కోసిన గాడిలో నీళ్ళు,
నీళ్ళలో చింపిన గుడ్డంత ఆకాశం,
బురద లాగేసుకున్న ఆడమనిషి చెప్పు ఒకటి.
"రోస్తోపీ" అన్నాడు,
మంచు కరిగి బాటలన్నీ జావయ్యే రోజుల్ని
వాళ్ళ భాషలో అలా అంటారట.
చెప్పెవరిదండీ?
"మా అక్క లుద్గార్దాది.
నేను బయల్దేరిన రోజున
ఒంటి చెప్పుతోనే బండి వెంట మైలు దూరం వచ్చింది.
తిడుతూ వచ్చింది."

ఫుర్ట్‌మైర్ టోపీ కూడా తీయకుండా చూశాడు.
"బురద మాకూ ఉంది" అన్నాడు.

మర్నాడు తెలుపు, ఆరు గొట్టాలు.
నేనే లెక్కపెట్టి ఇచ్చాను.
అందుకుంటుంటే వేళ్ళు వణికాయి,
సీసం అప్పటికే గోళ్ళ కిందికి దిగింది.

ఆయన పోయిన ఇరవై రెండేళ్ళకి
సారా కార్ఖానా యజమాని ఇంట్లో
భోజనాల గదిలో కనిపించింది ఆ మంచు.
పెద్ద బండి, నాలుగు గుర్రాలు, కసాయివాడి కుక్క.
ఎడమ పక్క అడుగున
తెలుపు బీటలిచ్చి, పెళ్ళలు లేచి,
రొట్టెముక్కంత మేర గోధుమరంగు.

పనిపిల్ల తడిబట్ట పట్టుకుని నిల్చుంది.
"ఎన్నాళ్ళ నుంచో తుడుస్తున్నానమ్మా,
ఈ మురికి పోవడం లేదు, పైగా పెరుగుతోంది."

యజమానురాలు చూడటం లేదు.
ఇంకాస్త గట్టిగా రుద్దు, అన్నాను.