తప్పొప్పుల పట్టిక

అదెరీతు రాతలో మొదటి తప్పు దిద్దింది నేనే.
గోల్‌కీపర్ పేరులో ఒక అక్షరం.
బ్రాగాలో అప్పటికి మా పత్రిక నాలుగే పేజీలు,
ఒకటి చావులకి, ఒకటి పూజావేళలకి.
కాన్వెంటు కప్పు కురుస్తోందట, నాలుగు ముక్కలు రాసుకు రమ్మంటే
ఆ ఆటల కుర్రాడు
మూడు నోటుబుక్కులు నింపుకొచ్చాడు.

గోడలో తిరిగే చెక్కపీపా ఉండేదట.
చీకట్లో బిడ్డను పెట్టి తిప్పితే లోపల గంట మోగేది.
ఖాతాలో బిడ్డకో వరస: తేదీ, ఒంటిమీది గుడ్డ,
మెడలో సగానికి చింపిన పటం.
మిగతా సగం తెచ్చినవాళ్ళకి బిడ్డనిస్తారు.
"ఎవరూ తేలేదా?" అన్నాను.
"తెచ్చారు. అప్పటికి బిడ్డ లేదు.
పాల ఖర్చు మాత్రం
మరో మూడేళ్ళు రాస్తూనే ఉన్నారు."

అదే మొదటి పుస్తకం.
ఆదివారం గుళ్ళో బిషప్పు ఉత్తరం చదివారు.
వాళ్ళమ్మ దోనా జుల్మీరా మూడో బల్ల మీద కూర్చుని విన్నది.
మర్నాటినుంచి ఆ బల్లంతా ఆమెదే.
రొట్టెలవాడు చిల్లర చేతికివ్వడం మానేశాడు,
గల్లాపెట్టె పక్కన పెట్టేవాడు.

రెండోది లిస్బన్ షాపుల అద్దాలకెక్కింది.
టీవీవాళ్ళు పూసిన పౌడరు కాలరుకంటిందని
ఇంటికొచ్చి తనే ఉతుక్కున్నాడు.

మూడోది. ఇక్కడ నా పెన్సిలు ఆగుతుంది.

ఫాదర్ బెల్మీరు తవోరా. ఆ పేరుతో ఇద్దరు.
ఒకాయన అనాథల సొమ్ముతో ద్రాక్షతోట కొన్నాడు.
రెండో ఆయన ఆ ఏడాదంతా
కొండమీద క్షయ ఆస్పత్రిలో రక్తం కక్కుకున్నాడు.
నూట పన్నెండో పేజీలో తేదీ పొసగలేదు.
చూశాను.
పక్కన ప్రశ్నగుర్తు పెట్టి, చెరిపేశాను.
అర్ధరాత్రి దాటింది, ప్రెస్సు ఎదురుచూస్తోంది,
నిజం చెప్పొద్దూ,
అప్పటికి నాకు తవోరాలందరూ ఒక్కటే.

పోయినాయన మేనకోడలు వచ్చింది,
పోస్టాఫీసులో స్టాంపులమ్మే మనిషి.
ఆస్పత్రి చీటీ బల్లమీద పెట్టి
"ఇది సరిచేస్తారా?" అంది. అరవలేదు.

మలి ముద్రణలో చూద్దాంలెమ్మన్నాడు పబ్లిషరు.
అదెరీతు మిగిలిన ఆరువందల కాపీలూ ఇంటికి తెప్పించి
ఒక్కోదాంట్లో చేత్తో చీటీ అంటించాడు.
"తప్పు నాది."
పట్టికలో తప్పుంటుంది, ఒప్పుంటుంది,
ఒప్పుకోలుకి గడి ఉండదు.
నేను జిగురు కలిపి ఇచ్చాను.

దోనా జుల్మీరా కొడుకు పుస్తకం ఒక్కటీ ఇంట్లో పెట్టుకోలేదు.
ఆమె పోయాక ప్రార్థనపుస్తకంలో,
చేపల బిల్లుకీ
మ్రానికొమ్మల ఆదివారం నాటి ఆలివ్ రెమ్మకీ మధ్య
ఆ చీటీ దొరికింది.

ఇప్పుడు నాలుగో దాని ప్రూఫులు నా ముందున్నాయి.
అతనికి డెబ్భై దాటాయి. నాకు ఒక కన్నే పనిచేస్తుంది.
ఒక సిస్టరు పుట్టిన ఏడు లెక్కకి రావడం లేదు.
రాత్రి రెండు.
ఫోన్ చేశాను.
నిద్రగొంతు కాదు.

"ఏ పేజీ?" అన్నాడు.