నలభై అయిదు రోజుల ఛందం

మంగళవారం పొద్దున్న పదకొండూ పదికి వచ్చింది ఉత్తరం.
అప్పటికి నేను
విజయనగరంలో ఒక కరెంటు మీటరు
ఎందుకు వెనక్కి తిరుగుతోందో వెతుకుతున్నాను.

"ప్రియమైన హైమవతి" అని మొదలుపెట్టారు.
పదిహేడు దేశాల్లో ఆఫీసులున్న ఈ కంపెనీకి
నేను ప్రియమైనదాన్ని కావడం ఇది రెండోసారి.
మొదటిది, చేరమన్నప్పుడు.

స్వచ్ఛంద పదవీ విరమణ.
మా తెలుగు మాస్టారుంటే ఈ మాటని విడదీయమనేవారు.
స్వ, ఛందం.
తన నడక తనది, తన గణాలు తనవి.
నా ఛందానికి మాత్రం గడువు నలభై అయిదు రోజులు.
యతి ఎక్కడ పడాలో వాళ్లే చుక్కలు పెట్టి పంపారు,
చుక్కల కింద సంతకానికి చోటు.

వయసూ సర్వీసూ కలిపి డెబ్బై అయిదు దాటాలట.
యాభై మూడూ, ఇరవై నాలుగూ.
ఇన్నాళ్లూ నా వయసుని తీసివేస్తూనే వచ్చారు
ప్రమోషన్లలోంచి, కొత్త ప్రాజెక్టుల్లోంచి,
ఫొటోల్లో ముందు వరసలోంచి.
కూడిక ఇదే మొదలు.

లిఫ్టు దగ్గర సన్యాసిరావు కనపడ్డాడు.
"నీకొచ్చిందా?" అంటే "నీకొచ్చిందా?" అన్నాడు.
అమ్మవారు పోసిన ఏడు వీధిలో పిల్లలం
ఒకర్నొకరం ఇలాగే అడిగేవాళ్లం.
అతను అప్పటికే ఫోనులో లెక్క కట్టేశాడు:
ఏడాదికి మూడు వారాల జీతం,
అందులో పెందుర్తి ఫ్లాటు అప్పు పోగా,
తమ్ముడి డయాలసిస్ పోగా, పన్ను పోగా,
"ఒక స్కూటరు మిగిలింది హైమా."

హుద్‌హుద్ నాడు ఈ కొండమీద అద్దాలన్నీ ఊడి ఎగురుతుంటే
ఇతనూ నేనూ డీజిలు డబ్బాలు మోశాం,
మెట్లమీదుగా, నాలుగంతస్తులు.
ఊరంతా చీకటి, సర్వరు గదిలో ఒక్క పచ్చ దీపం.
తర్వాత మెచ్చుకోలు పత్రం ఇచ్చారు.
అందులో నా పేరు హేమలత.

మా నాన్న హార్బరులో తవ్వోడ మీద పనిచేశాడు.
సముద్రం ఏటా ఇసక తెచ్చి కాలవ నోట్లో పోస్తుంది.
తవ్వోడ ఏటా తీసి
కోతపడ్డ బీచిలో పోస్తుంది.
సముద్రం మళ్లీ మొదలు.
"ఎప్పటికవుద్ది నాన్నా?" అంటే
"అవకపోబట్టే మనకి బువ్వ" అనేవాడు.
నా పనీ అంతే, పాత ప్రోగ్రాములో పూడిక తీయడం.
బిల్లులు సరిగ్గా వెళ్లిన రోజు
నేనున్నానని ఎవరికీ తెలీదు.

మా టీముకి పెద్ద తన్మయ్, ముప్పై ఒకటి.
మంచివాడే. గొంతు తగ్గించి,
"మీకు తెలిసిందంతా ఈ నెలన్నరలో చెప్పేయండి మేడమ్,
మెషీను వింటుంది" అన్నాడు.
గాజు గదిలో కూర్చుని తెరకి చెప్పాను,
ఏ ఫైలు ఏ ఫైలుని పిలుస్తుందో,
ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిని ఎలా దాటాలో.
అది ప్రతిసారీ "అర్థమైంది" అంది.
ఇన్నేళ్లలో ఆ మాట నేను నిజంగా అనగలిగింది
ఓ పదిసార్లు.

మూడో వారం నందన వచ్చింది,
పాడేరు పిల్ల, చేరి ఆర్నెల్లు.
ల్యాప్‌టాపు నావేపు తిప్పింది:
"నాలుగువేల పన్నెండో వరస. ఇది మీరు రాసిందేనా?"

*దీన్ని తీయొద్దు. ఎందుకో నాకూ తెలీదు.*
*తీస్తే శ్రీకాకుళం ఆగిపోతుంది. హై.*

రెండువేల తొమ్మిదిలో రాశాను.
ఇప్పటికీ తెలీదు.
ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.
నవ్వడం అయ్యాక తను కుర్చీ లాక్కుని
"పదండి, కనుక్కుందాం" అంది.

ఏడయింది. కిటికీలో నీళ్లు నల్లబడ్డాయి.
రేవులోకి పిలుపు రాని ఓడలు
దూరంగా దీపాలు పెట్టుకుని కూర్చున్నాయి.
శ్రీకాకుళం అంతు చిక్కలేదు.

కింద టీ బడ్డీ ఎర్రయ్యమ్మ అడిగింది:
"ఏటమ్మా, ఎలిపోతన్నారంట?"
"ఏటో" అన్నాను.
సన్యాసిరావు సంతకం పెట్టేశాడు,
స్కూటరు రంగు కూడా ఎంచుకున్నాడు, నీలం.
నాకింకా ఇరవై రెండు రోజులుంది.
సంచిలోంచి ఉత్తరం తీసి
కలం మూత ఊడదీసి
వెనక తెల్లగా ఉన్నవేపు
4012 అని రాశాను.
దాని కింద
ఒక బాణం గీశాను.