కుడి చెయ్యి ఎత్తండి

దినపత్రికల బల్ల ఉండే చోటే
ఇప్పుడు నా కౌంటరు.
వెనక గోడకి తెల్లరంగు కొట్టారు, ఫోటోల కోసం.
ఆ తెలుపు కింద యాత్రాకథల అల్మరా
నాలుగు మేకుల గుంటలుగా ఇంకా మిగిలే ఉంది.

పద్దెనిమిదేళ్లు పుస్తకాలు సర్దాను.
ఇప్పుడు మనుషుల్ని సర్దుతున్నాను:
కాస్త ఎడమకి, గడ్డం కిందికి,
కళ్లజోడు తీయండి.
సినిమాల ఊరు కదా ఇది,
లాస్ ఏంజెలెస్‌లో ప్రతివాడికీ తెలుసు
తను ఏ పక్కనుంచి బాగుంటాడో.
ఎదురుగా చూడమంటే మొహం చిన్నబోతుంది.

మూడు సంచులతో రోస్కో
తలుపు తీయగానే వస్తాడు.
"నా పేపర్ల బల్లేదీ?" రోజూ అడుగుతాడు.
"వెనక్కి జరిపాం, మరుగుదొడ్ల పక్కకి."
"దేశాలన్నీ అక్కడే ఉన్నాయన్నమాట" అని
వెళ్లి కూర్చుని
ఊళ్ల పేర్లూ వాటి వాతావరణమూ
వేలు పెట్టి చదువుకుంటాడు.

తిగిస్త్ పదకొండు రోజుల పిల్లని తెచ్చింది.
ఫోటోలో కళ్లు తెరిచి ఉండాలి.
పసివాళ్లకి కొంత మినహాయింపు ఉందట,
ఎంత కొంతో ఎక్కడా రాయలేదు.
తాళాలగుత్తి గలగలలాడించాను,
తల్లి అరికాలు గిల్లింది.
పిల్లకి ఈ లోకాన్ని చూసే తొందరేమీ లేదు.
క్యూలో ఎవరో తుమ్మితే
ఒక్క కన్ను తెరిచి
మళ్లీ మూసేసింది, చూసింది చాలన్నట్టు.

మంగళవారం, చీటీ నంబరు పద్నాలుగు:
యులాలియా మొంతాన్యెస్, డెబ్భై ఎనిమిదేళ్లు.
మొదటి పాస్‌పోర్టు.
వెర్మాంట్ వీధి వెనక ఒక గదిలో
మంత్రసాని చేతుల్లో పుట్టింది.
ఆ కబురు ప్రభుత్వానికి తొమ్మిదేళ్లకి అందింది.
కాగితం మీద ముద్ర: ఆలస్యంగా నమోదు.
దానికి తోడు చిన్ననాటి రుజువొకటి కావాలన్నాను.
చర్చి కాలిపోయింది.
బడి పేరు మారింది, ఆ తర్వాత బడే లేకుండా పోయింది.
"పుట్టకుండానే ఇంత లావెలా అయ్యానమ్మా?"

ఎక్కడికి ప్రయాణం?
"ఎన్సెనాడా. ఓడలో మూడు రాత్రులు.
పక్కింటి వెల్మా బింగోలో గెలిచింది,
ఇద్దరికి, భోజనంతో సహా."
సంచి మూతి కట్టుకుంటూ పైకప్పు వైపు చూసింది.
"ఇక్కడే తీసుకున్నాను, కప్పల పుస్తకం.
తిరిగివ్వలేదు."

భోజనాల వేళ నేలమాళిగకి దిగాను.
కారుతున్న గొట్టం, దాని కింద బకెట్టు,
అట్టపెట్టెల్లో పాత సభ్యుల రిజిస్టర్లు.
మూడో పెట్టెలో, సంవత్సరం 1953,
పెన్సిలుతో, కొండ ఎక్కుతున్నట్టు వంకరగా
ఆమె పేరు.
వయసు: ఆరు.
పుట్టిన ఊరు: ఇక్కడే.
పక్కన, పేరు తెలియని నా పూర్వీకురాలి దస్తూరి:
బాగా చదువుతుంది. చేతులు మురికి.
దాని కింద ఎర్రసిరాతో
కప్పలు. తిరిగి రాలేదు.

ఆ పేజీ పట్టుకుని మెట్లమీద కాసేపు కూర్చున్నాను.
తిండి సంగతి మర్చిపోయాను.

పైవాళ్లు దీన్ని ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు.
నకలు తీశాను, ముద్ర వేశాను,
పిన్ను కొట్టొద్దంటారు గనక క్లిప్పు పెట్టాను.
సంతకం నా ఎదుటే చేయాలన్నాను.
నెమ్మదిగా చేసింది.
ఆ వంకర ఇంకా పోలేదు.

"కుడి చెయ్యి ఎత్తండి.
ఇందులో చెప్పిందంతా నిజమేనని ప్రమాణం చేస్తారా?"
ఎత్తిన చేతిని దించి
రెండు వైపులా తిప్పి చూసుకుంది.
"ఇవాళ శుభ్రంగానే ఉన్నాయి" అంది.
మళ్లీ ఎత్తింది.

"జరిమానా ఎంతయి ఉంటుంది?"
ఈ ఊళ్లో జరిమానాలు ఎత్తేశామని చెప్పాను.
"అయితే కప్పలు నావేనా?"

ఏమనాలో తోచక
ఆరు వారాలు పట్టొచ్చన్నాను.
ఓడ ఐదో వారంలో.
రసీదుని నాలుగు మడతలు పెట్టి
రవికలో దాచుకుంది.
పదిహేనో నంబరు అప్పటికే లేచి
జుట్టు సవరించుకుంటున్నాడు.