మూడో నంబరు ఐరన్

ఇసకపల్లిలో రొయ్యలు పట్టేశాక
ఎండిన ఏడో గుంట నా మైదానం.
నెర్రెల అంచున బంతి.
చేతిలో, మద్రాసు పాతసామాన్ల కొట్లో
బేరమాడి కొన్న మూడో నంబరు ఐరన్.
పిడి మీద ఇంకెవరిదో చెమట మరక.

బంతిని లేపాలని వంగుతా,
భుజం ఎగరేస్తా.
అది కప్పలా రెండు గెంతులేసి
కట్ట కింద చతికిలబడుద్ది.
పొద్దుట్నించీ మన్నే లేస్తోంది.

కొంగల్ని తోలే చెంచయ్య
ఒడిసెల భుజానేసుకుని వచ్చాడు.
ఈ ఆట ఆయన చూసెరగడు.
"ఏందబ్బయా, దాన్ని నువ్వు లేపబాక.
రాయిని నేను లేపుతానా?
తిప్పి వదిలెయ్, అంతే.
నీ తొందరంతా బొటనవేల్లో ఉండాది."

చూసుకున్నా. వేలి గోరు తెల్లబడి ఉంది.
పట్టు వదులు చేశా.
ఇనుము తన బరువుకి తానే దిగి
మట్టిని తుడుచుకుంటూ పోయింది.
చేతులకి ఏమీ తగల్లేదు,
తప్పిందేమో అనుకున్నా.

చెంచయ్య మాత్రం తలెత్తి ఉన్నాడు,
చెయ్యి కంటికి అడ్డంపెట్టి,
కట్ట దాటి, ఆగిన ఏరేటర్లు దాటి
బకింగ్‌హాం కాలవ వైపు.

"ఇంకోటుండాదా?"
"లేదు. అదే ఆఖర్ది."

ఆయన వంగి, ఎండుగడ్డ ఒకటి ఏరి
నా కాళ్ల ముందు పెట్టాడు.