నూరు మాటలకు మించకుండా

బార్ అసోసియేషన్ నూట పాతికేళ్ల సంచికకు
పిరాట్ల కోదండపాణి గారి జీవితం
నూరు మాటలకు మించకుండా రాసిమ్మన్నారు.
ఫోటో వాళ్ల దగ్గరే ఉంది:
తలపాగా, నల్లకోటు,
కెమెరాను క్రాస్ ఎగ్జామిన్ చేస్తున్న చూపు.

పుట్టింది రేపల్లె తాలూకా, ఊరి పేరు చెదలు తిన్నాయి.
మద్రాసులో ప్లీడరీ పరీక్ష, రెండోసారికి ప్యాసు.
గుంటూరులో ప్రాక్టీసు.
శాసనమండలికి ఒకసారి గెలుపు, ఒకసారి ఓటమి,
మళ్లీ ప్రాక్టీసు.
మరణం ఆశ్వయుజం. సంవత్సరం మీద సిరా మరక.
ముప్పై మాటలు కూడా కాలేదు.

రికార్డు రూములో మూడు మధ్యాహ్నాలు.
యార్డుకు పోయే లారీల మిరపఘాటు చువ్వల్లోంచి దూరి
దుమ్ముకో తుమ్ము, ఘాటుకో తుమ్ము.
"చిరంజీవ" అనేవాడు అటెండరు మస్తానయ్య,
నన్నో, ఆ కాగితాలనో.

మండలిలో ఆయన నోరు విప్పింది ఒక్కసారే.
ప్రశ్న: కొమ్మమూరు కాలవ రేవులో
చంటిబిడ్డల్ని నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు
పీకల్లోతు నీళ్లలో దాటుతున్న సంగతి
ప్రభుత్వం వారి దృష్టికి వచ్చినదా?
జవాబు: రాలేదు.
ఉపప్రశ్న: ఇప్పుడు వచ్చినదా?
జవాబు అచ్చులో లేదు.

ఒక్కదాన్నే, గట్టిగా నవ్వాను.
ఫోటోలో మనిషి మీద ఇష్టం మొదలైంది.

మూడోరోజు కట్టలో ఒక దావా.
అసలు నలభై, వడ్డీ నూట పదకొండు,
ఎకరం ముప్పై సెంట్ల మాగాణి.
ప్రతివాది మేడిద పోలయ్య, గైరుహాజరు.
వాది తరఫున: పి. కోదండపాణి.

పోలయ్య మా నాన్నకు ముత్తాత.
ఇప్పటికీ మా ఇంట్లో "ఈతచెట్టు చేను" అంటారు,
నిన్న సాయంత్రమే నీళ్లు పెట్టి వచ్చినట్టు.

దావా బాగా రాశాడు, చెప్పక తప్పదు.
ఒక్క మాట ఎక్కువ లేదు.
మా సీనియరు చూస్తే నన్ను నేర్చుకోమనేవాడు.

మా ఊరికీ కోర్టుకీ మధ్య ఆ రేవు ఉంది.
వాయిదా శ్రావణంలో పడింది.
డిక్రీకీ, మండలిలో ప్రశ్నకీ మధ్య పద్నాలుగు నెలలు.
రెండింటినీ ముడేద్దామని చెయ్యి లాగుతుంది.
సాక్ష్యమేదీ, అంటుంది నా మెడలోని తెల్లపట్టీ.

సెక్రటరీ గారు ఫోన్ మీద ఫోను, ప్రెస్సుకు వెళ్లాలట.
తొంభై ఆరు అయ్యాయి సార్, అన్నాను.
ఇంకా నాలుగు మాటల చోటుంది.

వాయిదాకి పోలయ్య ఎందుకు రాలేదు.

సరిగ్గా సరిపోతుంది.
పెన్ను మూత తీసి, పెట్టి, తీసి
కూర్చున్నాను.