జాడింపు

కొత్తవాడల ముప్పై తొమ్మిదేండ్లు
రంగు గంగాళం కాడ నిలబడ్డ.
నూలు లడి ముంచుడు గొప్ప పని కాదు,
ఎవడన్న ముంచుతడు.
పట్టినంత పట్టినంక
పట్టనిదాన్ని ఇడిపించుడే పని.
ఒకటో నీళ్లు, రెండో నీళ్లు, మూడో నీళ్లు,
తేట ఒచ్చేదాక.
తేట రాని నూలుతోని నేసిన జంపఖాన
కొన్నోని తెల్లబట్టలకు అంటుతది,
తిట్టు మనకొస్తది.

నా లోపట ఇద్దరు జాడించేటోళ్లు ఉన్నరని
నాకెవ్వలు చెప్పలే.
పిడికెడంత మనుషులు, నడుము ఎనుక,
చీకట్ల, తడిల,
నేను పన్నంక సుత పని దిగకుండ
నెత్తురంత దినానికి ఎన్నిమాట్లో పిండి
ఇన్ని పచ్చటి నీళ్లు చేసి పంపేటోళ్లు.
కార్ఖాన ఎనుక గోడకు నిలబడి
బీడీ నోట్ల పెట్టుకొని
చూడకుండనే పారబోసిన.
ఒక్కనాడు శనార్తి అనలే.
ఆళ్లు కూలి అడగలే.
బీపీ గోలీలు మరిచిన,
నడుం నొప్పి గోలీలు మాత్రం మరువలే.

ఇప్పుడు మంగళారం, గురువారం, శనారం
ఎంజీఎంల నాలుగు గంటలు.
మిషిని పక్కకు పండుకుంటే
ఎర్ర పోగొకటి చేతిలకెళ్లి బయటికి పోతది,
సుట్టు తిరిగి మల్ల లోపటికొస్తది.
మిషిని కాడి పిల్ల స్రవంతి
"పెద్దాయనా, ఇయ్యాల రెండు కిలోలు తీస్తాన" అంటది.
లడి తూకం నాకెరుకే బిడ్డా,
తడిది ఒక తూకం, పిండింది ఒక తూకం.

ఉబ్బిన నరం కాడ చెవి పెట్టి
మనుమరాలు నవ్వుతది:
"తాతా, నీ చేతుల మగ్గం నడుస్తాంది!"
నడవనీ.

ఇంట్ల కౌసల్య
పాలకూర ఉడికిచ్చి నీళ్లు పారబోసి
మల్ల ఉడికిస్తది.
ఎండకాలం. పద్మాచ్చి గుట్ట రాళ్లు పగిలేటట్టు కాలుతానయ్.
నాకు దినానికి అరలీటరు,
కొలిచి సీసల పోసి పక్కకు పెడ్తది.
అండ్లకెళ్లే చాయ, అండ్లకెళ్లే గోలీలు.
పెరుగన్నం తిన్నంక
ఖాళీ గిలాస పట్టుకొని జరసేపు కూసుంట,
చెయ్యికి సల్లగుంటదని.

నిన్న పొద్దుగాల, పదకొండు దినాలకు,
ఒంటేలొచ్చింది.
ఎంత? చాయ కప్పుల సగం లేదు.
తలుపు తీసి కౌసల్యను కేకేసిన,
ఇన్నేండ్ల సంసారంల
గిసోంటిది చూడ రమ్మన్నది గిదే మొదలు.
కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వచ్చింది,
వంగి చూసింది, ఎలుగుకు పట్టి చూసింది.
రంగోని పెండ్లాం గదా!

"ఇంక తేట రాలే" అన్నది.
"ఇంకో నీళ్లు పట్టాలె."