డైనమో దీపం

అక్టోబరు, తెల్లవారుజాము నాలుగూ పది.
సారెమా దీవిలో ఈ వేళకి మేలుకుని ఉండేది
సముద్రమూ, నేనూ,
ఎండెల్ వాళ్ళ ముసలి కుక్కా.

వెనక క్యారియర్ మీద గుడ్డ కట్టిన జాడీ.
అందులో నల్లరొట్టెకి వేసే తోడు.
నాకు ముందు బేకరీలో చేసిన హిల్యా
చేతిలో పెట్టి వెళ్ళింది.
"చలికి అక్కడొదిలేయకు, రాత్రి ఇంటికి తీసుకుపో" అంది,
పసిపిల్ల సంగతి చెప్పినట్టు.
పంతొమ్మిదేళ్ళుగా తీసుకుపోతున్నాను, తీసుకొస్తున్నాను.
గతుకు తగిలినప్పుడల్లా
లోపల ఏదో గొణుగుతుంది.

సైకిలు సంగతి సరే, డైనమో మాత్రం మొండిది.
టైరుకి బుగ్గ ఆనించి
కుయ్యోమంటూ వెలుతురు పిండుతుంది.
తొక్కితే దారి. ఆపితే లేదు.
షాపులో రైన్ బ్యాటరీ లైటు చూపించాడు, పదిహేను యూరోలు.
ఇది ఊరికే వెలుగుతుంటే అదెందుకన్నాను.

చీకట్లో జూనిపర్ పొదలు
బస్సు కోసం నిలబడ్డ మనుషుల్లా ఉంటాయి.
అలవాటైపోయి పలకరించడం మానేశాను.
ఇవాళ ఆ మనుషుల్లో ఒకరికి
కళ్ళు వెలిగాయి.

బ్రేకు. కంకర కరకర.
దీపం పసుపు, తర్వాత ఇటుక రంగు,
తర్వాత ఒక ఎర్రటి వెంట్రుక,
తర్వాత ఏమీ లేదు.

చూద్దామని ఆగాను.
ఆగాను గనక చూడలేను.

ఊపిరి వినిపిస్తోంది. నాది కాదు,
నాది బిగబట్టాను.
తడిసిన కంబళి వాసన, నలిగిన ఆకు వాసన.
మా భాషలో దీని పేరు అడవిమేక.
ఆ పేరు పెట్టినవాడు పగటిపూట, దూరం నుంచి చూసి ఉంటాడు.
ఇంత దగ్గర, ఇంత చీకట్లో
మేకా కాదు, లేడీ కాదు,
ఎదురుగా నిలబడ్డ వెచ్చదనం.

మెల్లిగా హ్యాండిల్ పైకెత్తి
ముందు చక్రాన్ని అరచేత్తో తిప్పాను.
దీపం తుమ్మినట్టు వెలిగింది:
ఒక చెవి.
మళ్ళీ తిప్పాను:
మంచు పట్టిన మూతి, ఒక మోకాలు.
మూడోసారి తిప్పేలోగా మొరిగింది.
అవును, మొరుగుతుంది,
గొంతు పగిలిన కుక్కలా,
ఎండెల్ వాళ్ళ కుక్క మోసపోయి బదులిచ్చేంతగా.

ఇంకో బదులు
నా వీపు వెనక నుంచి వచ్చింది.
సన్నగా,
ఈల వేయడం ఇంకా రాని పిల్లాడి ఈలలా.

అప్పుడు తెలిసింది నేనెక్కడున్నానో.
తల్లికీ పిల్లకీ నడుమ
ఒక సైకిలూ, ఒక జాడీ,
యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషీ,
వేసిన గేటులా.

సైకిలెత్తుకుని గుంటలోకి దిగాను.
ఎడమ బూటు నిండా నీళ్ళు.
నోటిదాకా వచ్చిన బూతుమాట మింగేశాను.
జాడీని కోటు లోపల దాచుకుని
కూర్చోనూ లేక, నిలబడనూ లేక వంగి ఉన్నాను.

టక్.
చాలాసేపు ఏమీ లేదు.
టక్ టక్ టక్.
చిన్న గిట్టలు కంకర మీద,
చెయ్యి చాపితే అందేంత దూరంలో.
చాపలేదు.
పొదల్లో గలగల.
తర్వాత సముద్రం మళ్ళీ వినిపించింది.

ఇవాళ పొయ్యి పన్నెండు నిమిషాలు ఆలస్యం.
తోడు మాత్రం కోటు వేడికి పొంగి
మూత గుడ్డని బుడిపెలా ఎత్తింది.
రొట్టెలు పట్టుకుపోయే బస్సు డ్రైవరు ఊర్మస్
కనుబొమ్మలెగరేశాడు.
"చెయిన్ ఊడింది" అన్నాను.
నీళ్ళు కారుతున్న నా బూటు వైపు చూశాడు.
చెయిన్ ఊడితే కాలెందుకు తడుస్తుందని అడగలేదు.
ఈ దీవిలో అదే మర్యాద.

మధ్యాహ్నం తిరిగొస్తూ ఆ చోట దిగాను.
దారి అంచు ఇసుకలో నా టైరు గీత.
గీత తెగిన చోట దాన్ని దాటుకుంటూ
చీల్చిన బాదంపప్పులంత జంట గుర్తులు.
గుంటలో నా ఎడమ బూటు ముద్ర,
నిండా నీళ్ళు.
అందులో అప్పుడే
ఒక పురుగు ఈదుతోంది.